గోడ జరిగిందా, లెన్స్ మారిందా?

సినిమా సెట్ల మీద ఇంగ్లీషు వ్యాసాలు కనబడితే వదలను. వాటిలో గోడలు ఊపిరి పీలుస్తాయి, మెట్లు కుట్రలు పన్నుతాయి. అలాంటి వాక్యం తగిలినప్పుడల్లా నాకొకటే సందేహం: ఇంతకీ అక్కడ వడ్రంగి ఏం చేశాడు?

1957లో వచ్చిన ‘12 యాంగ్రీ మెన్’నే చూడండి. దాదాపు సినిమా అంతా ఒకే గది, పన్నెండుమంది జ్యూరీ సభ్యులు. వాదన ముదిరేకొద్దీ గోడలు మీదికొచ్చేస్తాయని రాయనివాళ్లు లేరు. గది మాత్రం చిన్నదవలేదు. దర్శకుడు సిడ్నీ ల్యూమెట్ లెన్సులు మారుస్తూ పోయాడు. మొదట్లో 28 నుంచి 40 మిల్లీమీటర్లవి, పోనుపోను 50, 75, 100. పెద్ద లెన్సు పెట్టేసరికి వెనకున్న గోడ మనిషి వీపుకి అతుక్కున్నట్టు కనబడుతుంది. కెమెరా ఎత్తునీ అలాగే దించుకుంటూ వచ్చాడు. మొదట కంటికన్నా పైన, తరవాత కంటి మట్టానికి, చివర్లో దానికన్నా కింద. కింద నుంచి చూసినప్పుడు, అప్పటిదాకా పట్టించుకోని పైకప్పు కాస్తా నెత్తిమీదికి దిగుతుంది. సెట్‌కి దక్కిన ఆ పొగడ్తలో పెద్ద వాటా ఛాయాగ్రాహకుడు బోరిస్ కాఫ్‌మన్‌కి పోవాలి.

రోమన్ పోలాన్‌స్కీ ‘రిపల్షన్’ (1965) మీద కూడా ఇంచుమించు ఇవే మాటలు రాస్తారు. ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలిన అమ్మాయికి మతి తప్పుతుంటే ఇల్లు కూడా వికృతమైపోతుందని. ఇక్కడది అక్షరాలా నిజం. గోడలు జరిపి గదుల్ని సాగదీశారు. గోడలు బీటలు వారతాయి, వాటిలోంచి చేతులు పొడుచుకొస్తాయి. అక్కడ లెన్సు చేసిన పనికీ ఇక్కడ సుత్తి చేసిన పనికీ వ్యాసకర్తలు ఒకటే విశేషణం తగిలిస్తారు.

తిరకాసు అటువైపు నుంచీ ఉంది. ‘డాక్టర్ క్యాలిగరీ’ (1920) సెట్లలో నీడల్ని రంగుతో గీశారని చదివితే కవిత్వమేమో అనిపిస్తుంది. కాదు, వార్మ్, రైమన్, రోరిగ్ అనే ముగ్గురు కళాదర్శకులు వెలుగునీ నీడనీ బ్రష్షుతోనే దిద్దించారు. ‘బ్లాక్ నార్సిసస్’ (1947)లో హిమాలయాలు బొమ్మ గీసినట్టున్నాయంటే, గీసినవే మరి! సినిమా దాదాపు అంతా తీసింది ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో.

సెట్ మీద పనిచేసేవాళ్ల మాటలతో ఈ బాధ లేదు. వాళ్లు వైల్డ్ వాల్ అంటే కెమెరాకి చోటివ్వడానికి ఊడదీసే గోడ, ప్రాక్టికల్ అంటే షాట్‌లో నిజంగా వెలిగే దీపం. అంతే.

నాకు అన్నిటికన్నా విసుగు పుట్టించేది, ఇల్లే ఒక పాత్ర అన్న మాట. హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954) మీద అది ఎన్నిసార్లు చదివానో! దాని కోసం పారమౌంట్ స్టేజీలో 31 అపార్ట్‌మెంట్లు కట్టారు. అంత ఎత్తు పట్టక స్టేజీ నేలనే తీసేసి, పెరటిని సెల్లార్‌లోకి దించారు. అలా కాలు విరిగిన హీరో గది స్టేజీ మట్టానికి వచ్చింది, పెరడు అతని కిటికీ కిందికి పోయింది. సినిమా అంతా ఎదుటివాళ్ల కాపురాల్లోకి పైనుంచి తొంగిచూస్తూ కూర్చునే వీలు మనకు కలిగింది అందుకే. పాత్ర అని రాసి ఊరుకున్నవాళ్లు ఈ నేల తీసేసిన సంగతి ఎత్తరు.