అడిగేవాళ్ల వైపు నుంచి చూస్తే

ఇంట్లో అక్కర్లేని సామాను ఊరివాళ్లకు ఊరికే ఇచ్చేయడానికి ఆన్‌లైన్‌లో బాగా పేరుపడ్డ పద్ధతులు రెండున్నాయి. 2003 మేలో అమెరికాలోని టక్సన్‌లో డెరన్ బీల్ మొదలుపెట్టిన ఫ్రీసైకిల్ ఒకటి. 2013లో సియాటిల్ దగ్గరి బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో రెబెకా రాక్‌ఫెలర్, లీస్ల్ క్లార్క్ మొదలుపెట్టిన బై నథింగ్ రెండోది. రెండింట్లోనూ డబ్బు ప్రసక్తి లేదు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఉన్న మా గుండుగొలనుకు వీటిలో ఏది నప్పుతుంది? అడిగేవాళ్లు తల దించుకోకుండా అడగగలగాలన్నదే నా కొలత.

ఫ్రీసైకిల్ పుట్టింది చెత్త గురించిన బెంగతో. పనికొచ్చే వస్తువు డంపింగ్ యార్డు పాలు కాకూడదన్నదే దాని పట్టుదల. ఇచ్చేవాళ్లు ప్రకటన పెడతారు, కావలసినవాళ్లు నేరుగా వాళ్లకే కబురు పంపుతారు. ఎవరడిగారో మూడో మనిషికి తెలియదు. బై నథింగ్ చూపంతా ఇరుగుపొరుగు మీద. ఒక్కో పేటకు ఒక్కో గ్రూపు. 'మా ఇంట్లో ఇది లేదు, ఎవరైనా ఇస్తారా' అని అడగడాన్నీ అది ప్రోత్సహిస్తుంది. ముందొచ్చినవాళ్లకే ఇవ్వాలన్న నియమం లేదు, నిదానంగా ఆలోచించి ఇవ్వచ్చు. కానీ ఫేస్‌బుక్ గ్రూపులో ఆ అడగడమంతా నలుగురి కళ్లముందే.

మహానగరంలో అది చెల్లుతుంది. ఇక్కడ మిక్సీ కావాలని ఒకామె రాస్తే, ఎవరి కోడలో, ఏ వీధో చదివినవాళ్లందరికీ తెలుసు. పిల్లకు సంబంధాలు చూస్తున్న ఇల్లు పాత మంచం కావాలని పదిమందిలో నోరు తెరవదు. ఆ ఇంటి గుట్టు కాపాడేది ఫ్రీసైకిల్ పద్ధతే.

అలాగని బై నథింగ్‌ను పక్కన పెట్టేయలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఆ ఇళ్లకు కావలసింది పొయ్యి, పరుపు, పొడి దుప్పటి. ఇతరులు వదిలించుకోవాలనుకున్నవి కావు. ఆ బుడమేరు నీళ్లు చేరేది మన కొల్లేరుకే. వరద భయంతో బతికే లంక గ్రామాలున్న చోట, ఇచ్చేవాళ్ల దగ్గర మిగిలినదాని కంటే తీసుకునేవాళ్లకు కావలసినదే ముందు వినపడాలి. అవసరం చెప్పుకోవడానికి పెద్దపీట వేసేది బై నథింగ్.

రెండింటికీ ఉన్న లోపం ఒకటుంది. ఫొటోలో వెట్ గ్రైండర్ తళతళలాడుతుంది. రాయి అరిగిందనీ బెల్టు జారుతోందనీ ఇంటికి తెచ్చి పప్పు వేస్తేగానీ తెలియదు. బీరువా ఊరికే వచ్చినా ట్రక్కు ఆటో ఊరికే రాదు. ఈ విషయంలో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ పద్ధతి నయం. చీర మడత విప్పి, వెలుతురుకు పట్టి, అంచు పొడవునా చిరుగు వెతికి, ఆ తర్వాతే గిన్నె మాట ఎత్తుతుంది. ఊరికే ఇచ్చేవాళ్లు ఆ పరీక్ష తామే ముందుగా చేసి, ఉన్నదున్నట్టు రాయాలి. పాడైపోయిన సామాను పేదింటికి చేరవేయడం దానం కాదు, మన చెత్త వాళ్ల గుమ్మంలో పారబోయడం.

2023 మేలో కేంద్ర ప్రభుత్వం పట్టణాల్లో పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాలు తెరిపించింది. మంచి పనే, కానీ అది పట్టణాల కోసం వేసిన పథకం. గుండుగొలను పట్టణం కాదు, పంచాయతీ. ఇక్కడివాళ్లు తమ ఏర్పాటు తామే చేసుకోవాలి.

అందుకే నా తీర్పు ఇదీ. ఇచ్చే వస్తువు వాట్సాప్ గ్రూపులో అందరికీ కనపడాలి, అడిగే పేరు ఇచ్చేవాళ్లకు మాత్రమే తెలియాలి. ఫలానాది కావాలన్న మాటను పేరు లేకుండా గ్రూపు నడిపేవాళ్లు పెట్టాలి. వస్తువులో ఉన్న లోపం, కిరాయి ఎవరు భరిస్తారన్నది ముందే రాయాలి. ఇచ్చాక తీసుకున్నవాళ్ల ఫొటో ఎవరూ పెట్టకూడదు. ఫ్రీసైకిల్ గుట్టునూ బై నథింగ్ చొరవనూ ఇలా కలిపితేనే, నిజంగా అవసరమున్న ఇల్లు అడగడానికి ముందుకొస్తుంది.