‘ఇత్యమరః’ నుంచి సాదృశ్య శాతం దాకా: తెలుగు పరిశోధనలో ఆకర నిర్దేశం

ఉపోద్ఘాతం

ఉన్నత విద్యాసంస్థల్లో రచనాచౌర్యాన్ని నివారించడానికి యు.జి.సి. 2018లో ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. అప్పటినుంచి సిద్ధాంత గ్రంథ సమర్పణలో సాదృశ్య నివేదిక ఒక ముఖ్యమైన ఘట్టమైంది. సాదృశ్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10కి మించి 40 శాతం లోపు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40కి మించి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే పరిశోధకుడి నమోదే రద్దవుతుంది. ఈ అంకెల ప్రభావంతో పరిశోధక విద్యార్థుల దృష్టి ‘ఈ మాట ఎవరిది?’ అన్న ప్రశ్న నుంచి ‘శాతం ఎంత వచ్చింది?’ అన్న ప్రశ్న వైపు మళ్లుతున్నది. ఆకర నిర్దేశం తెలుగువారి శాస్త్ర సంప్రదాయంలో ఏ ప్రయోజనం కోసం ఏర్పడిందో, శాతాల లెక్క ఆ ప్రయోజనాన్ని ఎంతవరకు నెరవేరుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కావ్యంలో హరణం, శాస్త్రంలో ప్రమాణం

పూర్వులకు రచనాచౌర్య భావన లేదనే అభిప్రాయం అక్కడక్కడ వినిపిస్తుంది. అది సరికాదు. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో హరణాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. శబ్దహరణాన్ని పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అనే స్థాయిభేదంతో విభజించాడు. హరణంలో విడిచిపెట్టవలసినది, అంగీకరించదగినది అని రెండు విధాలున్నాయన్నాడు. అంతకుముందే ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాలుగో ఉద్ద్యోతంలో కవుల మధ్య కనిపించే సామ్యాన్ని ప్రతిబింబం, చిత్రం, తుల్యదేహి అని మూడు రకాలుగా వివరించాడు. మొదటి రెండింటినీ నిరాకరించి, మూడోదాన్ని అంగీకరించాడు. రూపంలో పోలిక ఉన్నా ప్రాణం వేరైతే ఆ రచన కొత్తదే అన్నది ఆయన నిర్ణయం.

అయితే ఈ చర్చ కావ్యానికి సంబంధించినది. మారన మార్కండేయ పురాణంలోని కథను పెద్దన మనుచరిత్రగా పెంచినప్పుడు అడుగడుగునా మారన పేరు చెప్పవలసిన పని లేదు. పెద్దన ప్రతిభే అక్కడ సమాధానం. శాస్త్రరచనకు ఈ వెసులుబాటు లేదు. సిద్ధాంత గ్రంథం శాస్త్రరచన. దానికి ఆదర్శం కవి కాదు, వ్యాఖ్యాత. మెదక్ జిల్లా కొల్చారం ప్రాంతం వాడని పరిశోధకులు గుర్తించిన మల్లినాథసూరి తన వ్యాఖ్యానారంభంలో మూలం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఒక పదానికి అర్థం చెప్పిన ప్రతిచోటా ‘ఇత్యమరః’, ‘ఇతి విశ్వః’, ‘ఇతి యాదవః’ అంటూ ఆ అర్థం ఏ నిఘంటువులోనిదో సూచించాడు. అమరకోశం విద్యార్థులకు కంఠస్థమైన కాలంలో కూడా ఆయన ఆ సూచనను విడిచిపెట్టలేదు. ‘నా మాటను నమ్మండి’ అనకుండా ‘అక్కడ చూడండి’ అనడమే ఆ పద్ధతిలోని సారం. నేటి అధోజ్ఞాపిక చేసే పని కూడా ఇదే.

పేరు చెప్పడం వల్ల మిగిలినవి

తెలుగు సాహిత్య చరిత్రలో ఆకర నిర్దేశం మర్యాదకు మించిన ప్రయోజనాన్ని సాధించింది. 15వ శతాబ్దికి చెందిన మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’లో అనేక నీతిగ్రంథాల నుంచి పద్యాలు సంకలించాడు. అవి ఏ గ్రంథాలలోవో పేర్కొన్నాడు. క్షేమేంద్రుని ‘ముద్రామాత్యము’ నేడు అలభ్యం. ఆ పేరుతో ఒక తెలుగు గ్రంథం ఉండేదని తెలియడానికి సింగన సంకలనమే ఆధారం. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరము’ కూడా ఇలాగే ఎన్నో అలభ్య కావ్యాల పద్యాలను కవి, కావ్య నామాలతో నిలిపింది. ఈ సంకలనకర్తలు పద్యాలను మాత్రమే తీసుకొని పేర్లను వదిలివేసి ఉంటే, పద్యాలు మిగిలేవి కాని కవులు మిగిలేవారు కాదు. పేరు వదిలివేయడం అంటే ఒకరి శ్రమను చరిత్ర నుంచి తుడిచివేయడం. రచనాచౌర్యం వల్ల జరిగే అసలు నష్టం ఇది.

ఎఱ్ఱన ఉదాహరణ మరింత సూక్ష్మమైనది. నన్నయ నిలిపివేసిన చోటు నుంచి అరణ్యపర్వ శేషాన్ని పూరిస్తూ, నన్నయ రచనగానే భావించేటట్లు రాజరాజ నరేంద్రునికే అంకితంగా నడిపాడు. తన రచనను పరుల పేర నిలిపిన ఈ పద్ధతి చౌర్యానికి సరిగ్గా వ్యతిరేకం. అయినా పర్వాంతంలో శేషపూరణం తనదేనని వెల్లడించాడు. ఆ ఒక్క ప్రకటన లేకపోతే ఆంధ్ర మహాభారత కర్తృత్వ చర్చ మరోలా ఉండేది. అంతకుముందు నన్నయ సైతం భారత రచనలో నారాయణభట్టు చేసిన సాయాన్ని అవతారికలోనే చెప్పుకున్నాడు. ఎంత వినయం ఉన్నా, ఎంత ప్రతిభ ఉన్నా, ఏది ఎవరిదో చెప్పడం రచయిత బాధ్యత అని ఈ రెండు సందర్భాలూ తెలుపుతున్నాయి.

శాతం పట్టుకోలేనివి

సాదృశ్య పరీక్ష పదాల వరుసను పోలుస్తుంది. తెలుగు విషయంలో ఈ పోలికకు రెండు ప్రధాన పరిమితులున్నాయి.

మొదటిది పాఠ్య రూపానికి సంబంధించినది. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు సిద్ధాంత గ్రంథాలు, పత్రికలు ఎక్కువగా అను వంటి ఫాంట్లలో అక్షరీకరణ పొందాయి. ఆ దస్త్రాల్లో తెరపై కనిపించేది తెలుగే అయినా యంత్రానికి అందేది తెలుగు సంకేతం కాదు. ముద్రిత గ్రంథాల ఛాయాప్రతులు కేవలం చిత్రాలు. శోధ్‌గంగ భాండాగారంలో గ్రంథం ఉన్నంత మాత్రాన అందులోని వాక్యం పోలికకు దొరుకుతుందని చెప్పలేం. పాత గ్రంథం నుంచి పుటలకు పుటలు ఎత్తి రాసినా నివేదికలో సున్నా రావచ్చు.

రెండవది భాషా స్వభావానికి సంబంధించినది. ‘కవి యీ కావ్యమును తన మిత్రుని ప్రోత్సాహముచే రచించెను’ అన్న గ్రాంథిక వాక్యాన్ని ‘మిత్రుడి ప్రోత్సాహంతో కవి ఈ కావ్యాన్ని రాశాడు’ అని మారిస్తే భావం చెక్కుచెదరదు, పదరూపాలు మాత్రం దాదాపు అన్నీ మారిపోతాయి. పాత విమర్శ గ్రంథాలను వ్యావహారికంలోకి మార్చి సొంతం చేసుకోవడానికి తెలుగులో ఉన్న ఈ సౌలభ్యాన్ని శాతం గుర్తించదు. ఆంగ్ల విమర్శ నుంచి పేరు చెప్పకుండా చేసే అనువాదం స్థితి కూడా ఇంతే. నిబంధనలు వరుసగా 14 పదాల వరకు కలిసే సామాన్య విషయాలను మినహాయించాయి. విభక్తులు, క్రియా ప్రత్యయాలు పదంలోనే కలిసిపోయే తెలుగులో 14 పదాలంటే చాలాసార్లు ఒక సంపూర్ణ వాక్యం, కొన్నిసార్లు రెండు వాక్యాలు. ఆ పరిధిలో ఒక విమర్శకుడి మౌలిక ప్రతిపాదన మొత్తం ఇమిడిపోగలదు.

దీనికి విపర్యయం కూడా ఉంది. ఆకరం చూపి ఉదాహరించిన భాగాలను, ఉపయుక్త గ్రంథసూచిని నిబంధనలు లెక్క నుంచి తొలగించాయి. ఉద్ధరణ చిహ్నాలు సక్రమంగా లేనప్పుడు ప్రబంధ పద్యాలు కూడా సాదృశ్యంలో చేరే ప్రమాదం ఉంది. అప్పుడు శాతం తగ్గించడానికి విద్యార్థి పద్యాలను తొలగించి, వాటి భావాన్ని ఆధారం లేకుండా సొంత మాటల్లో రాస్తాడు. సంఖ్య మెరుగుపడుతుంది, పరిశోధన బలహీనపడుతుంది.

పాటించవలసిన పద్ధతి

ఆకరం ఎప్పుడు చూపాలన్నదానికి వివాదాస్పదత ఒక కొలమానం. నన్నయ రాజరాజ నరేంద్రుని ఆస్థానకవి అన్నది సర్వవిదితం, ఆధారం చూపనక్కరలేదు. మొల్ల కాలం గురించి భిన్నాభిప్రాయాలున్నాయి గనుక ఏ అభిప్రాయం ఎవరిదో చెప్పి తీరాలి. ‘కవి జీవితం, రచనల పరిచయం’ అనే అధ్యాయం ఒక సిద్ధాంత గ్రంథం నుంచి మరొకదానికి మార్పు లేకుండా ప్రవహించే అవకాశం ఎక్కువ. ఈ విచక్షణ అక్కడ మరింత అవసరం.

పద్యాన్ని ఉదాహరించేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్యలతో పాటు ముద్రణ వివరం ఇవ్వాలి. పరిష్కరణలను బట్టి పద్యసంఖ్యలు మారతాయి కాబట్టి ముద్రణ పేర్కొనని సంఖ్య పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది.

ద్వితీయాకరాల విషయంలో మరింత నిజాయితీ అవసరం. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో చూసిన పద్యానికి మూలకావ్యాన్ని నేరుగా చదివినట్లు ఆధారం చూపడం దోషం. ఆ పద్యంలో ముద్రణదోషం ఉంటే అది కొత్త గ్రంథంలోకి చేరి, రెండు సాక్ష్యాలు ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. చూసిన గ్రంథాన్నే చెప్పాలి. ముద్రామాత్య పద్యాన్ని ఉదాహరించే వారందరూ సింగన పేరు చెప్పక తప్పదు. అలభ్య గ్రంథం విషయంలో అనివార్యమైన ఆ నియమం లభ్య గ్రంథాల విషయంలోనూ వర్తించాలి.

క్షేత్ర పరిశోధనలో పాట పాడినవారు, కథ చెప్పినవారు కూడా ఆకరాలే. వారి అంగీకారంతో పేరు, ఊరు, సేకరించిన తేదీ నమోదు చేయాలి. ముద్రిత గ్రంథానికి చూపే గౌరవం నోటిమాటకు చూపకపోవడం కూడా ఒక విధమైన చౌర్యమే.

ముగింపు

యు.జి.సి. నిబంధనలు అవసరమైనవే. అవి ఒక కనీస హద్దును గీశాయి. ఆ హద్దుకు లోపల ఉన్నదంతా నిర్దోషమని భావించడమే పొరపాటు. తొమ్మిది శాతం సాదృశ్యం ఉన్న గ్రంథంలోని కేంద్ర ప్రతిపాదన మరొకరిది కావచ్చు. ముప్పై శాతం చూపిన గ్రంథంలో ఉన్నవి ఉద్ధరణ చిహ్నాలు లోపించిన మూలపద్యాలే కావచ్చు. ఈ తేడాను యంత్రం నిర్ణయించలేదు. ఆ రంగంలోని గ్రంథాలను చదివిన పర్యవేక్షకుడు, పరీక్షకుడు మాత్రమే నిర్ణయించగలరు. సాదృశ్య నివేదికతో పాటు ఎంపిక చేసిన కొన్ని ఆధారాలను మూలగ్రంథాలతో సరిచూసే పద్ధతిని మౌఖిక పరీక్షలో భాగం చేస్తే శాతం తప్పించుకున్న దోషాలు బయటపడతాయి. చూపిన ప్రతి ఆధారం దగ్గరకు పాఠకుడు వెళ్లి, చెప్పిన విషయం అక్కడ ఉందని తెలుసుకోగలగాలి. ‘ఇత్యమరః’ అన్న చిన్నమాట శతాబ్దాలుగా విద్యార్థులకు ఇస్తూ వచ్చిన హామీ అది. తెలుగు సిద్ధాంత గ్రంథం ఆ హామీ ఇవ్వగలిగినప్పుడు శాతం గురించి భయపడవలసిన అవసరం ఉండదు.