ఆంగ్లవ్యాకరణమున విశేషణసంజ్ఞ

ఆంగ్లవ్యాకరణమును దెలుఁగువారికి బోధింపఁబూనిన పాఠశాలాగ్రంథములు "ఆడ్జెక్టివు" అను సంజ్ఞకు "విశేషణము" అని పర్యాయము వ్రాసి, అంతటితోఁ బని తీఱినట్లు తలఁచుట పరిపాటి. విద్యార్థుల చిక్కులకుఁ బెక్కింట మూల మీ పర్యాయమే. విశేషణత్వము పదమునకు సహజమగు జాతి గాదు. వాక్యమందో సమాసమందో యొకపదము వేఱొకదానితో నన్వయించునపుడు గలుగు సంబంధము. పాణిని సమాసప్రకరణమున విశేషణవిశేష్యములను బేర్కొన్నది యీ పరస్పరాపేక్షను బట్టియే. ఆడ్జెక్టివన్ననో పదజాతి.

"స్టోన్ వాల్" అనుచోట మొదటిపదము గోడను విశేషించుచున్నది. అయినను అది నామమే. దానికి ముందు "వెరీ" చేరదు. తారతమ్యమును దెలుపు "అర్" ప్రత్యయమును బొసఁగదు. "ది వాల్ ఈజ్ హై" అనుచోట "హై" పదము క్రియకు వెనుక విధేయమై నిలిచినను ఆడ్జెక్టివే. తెలుఁగున "రాయి" శబ్ద మౌపవిభక్తికమై "రాతిగోడ" యగును గావున నిట్టి సంశయమునకుఁ దావు లేదు. ఆంగ్లమున రూపము మాఱదు. స్థానమును, ఇతరపదములతోడి చేరికను బరీక్షింపవలెను. ఈ పరీక్షయు నన్నిటికిఁ జెల్లదు: "మెయిన్" విధేయము గానేరదు, "అస్లీప్" నామమునకు ముందు నిలువదు, రెంటికిని ఆడ్జెక్టివను పేరే.

ఈ విభాగము పాశ్చాత్యులకును బ్రాచీనము గాదు. డయొనీసియస్ త్రాక్సు పేర వెలసిన గ్రీకువ్యాకరణమున నెనిమిది భాషాభాగములు చెప్పఁబడెను. గుణవాచకములు నామమున నంతర్భూతములు. లాటినున ప్రిస్కియనును వానిని నామములలోనే చేర్చెను. ఆ భాషలలో రెండిటికిని విభక్తి లింగ వచనము లొక్కతీరుననే చేరుటయే హేతువు. సంస్కృతమున రెండును సుబంతములే యగుటయు నిట్టిదే. ఆంగ్లమున నా ప్రత్యయములు నశించినవి కాఁబట్టి 1762లో లౌత్, 1795లో లిండ్లీ మఱ్ఱే ఆడ్జెక్టివును వేఱుచేసి తొమ్మిది భాగములు చెప్పిరి. అది యా భాషకు సమంజసమే. దాని నొరులభాషలపై నారోపించుటయే యసమంజసము.

పర్యాయము కావలసినచో "గుణవచనము" మేలు. ఈయసున్, ఇష్ఠన్ ప్రత్యయములు గుణవచనములకే విధింపఁబడినవి. ఆంగ్లమున "అర్", "ఎస్ట్" ప్రత్యయముల వ్యాప్తియు నించుమించుగా నదే.

"క్రియావిశేషణ" మను పేరు మఱింత దోషయుక్తము. "వెరీ గుడ్" అనుచోట "వెరీ" విశేషించునది గుణమునే. క్రియయే లేదు గదా! "సర్వనామ" సంజ్ఞయు నంతే. సర్వాదిగణమున అన్య, పూర్వ శబ్దములును బఠింపఁబడినవి. వాని కర్థమునఁ దుల్యములగు "అదర్", "ఫార్మర్" పదములను నామమునకు ముందున్నపుడు ఆంగ్లపాఠ్యగ్రంథములు ఆడ్జెక్టివులనును. ఒకే సంజ్ఞ యిరుశాస్త్రముల వేఱువేఱు వస్తువులను జెప్పుచుండ, ఉభయము నభ్యసించు బాలుఁ డేది నమ్మును?

తెలుఁగుసంగతి వేఱు. ద్రావిడభాషలలో ఆడ్జెక్టివను ప్రత్యేకజాతి లేదనియు, గుణవాచకనామములే విశేష్యమునకు ముందు చేర్పఁబడుననియుఁ గాల్డ్వెల్ 1856లో నభిప్రాయపడెను. ఆ మత మెట్లున్నను, "మంచి బాలుఁడు" అనుచోటి "మంచి" విధేయమగునపుడు "బాలుఁడు మంచివాఁడు" అని ప్రత్యయము గోరును, క్రియ నపేక్షింపదు. ఆంగ్లమున "గుడ్" మాఱదు గాని "ఈజ్" లేక వాక్యము నిలువదు. తెలుఁగు బాలుఁడు "హీ గుడ్" అనియో, "వాఁడు" అనుదానిని వెదకి "హీ ఈజ్ ఏ గుడ్" అనియో వ్రాసినచో నది మందబుద్ధిచేఁ గాదు, స్వభాషాన్వయబలముచేతనే. ఈ భేదమును జెప్పక "విశేషణమును గుర్తింపుము" అని ప్రశ్నించుట వ్యర్థశ్రమ.

"ది పూర్" అను ప్రయోగ మీ విచారమున మిక్కిలి రమ్యమైనది. తెలుఁగున "బీదలు" అని బహువచనము స్పష్టము. ఆంగ్లమునఁ బదము మాఱకయే "ఆర్" అను బహువచనక్రియను గైకొనును. నామమాయె నందుమా, "ది వెరీ పూర్" అనియుఁ జెల్లును!