పిలుపు అందినది, మరమ్మతు అందలేదు

మోటారు వాహనములో తయారీనాటి లోపము బయటపడినప్పుడు, తయారీదారు ఆ వాహనములను వెనుకకు పిలిపించి తన ఖర్చుతో సరిచేయు పద్ధతికి రీకాల్ అని పేరు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇగ్నిషన్ కాయిల్‌లోని లోపము కారణముగా 2,36,966 మోటారు సైకిళ్లను పిలిపించినది. 2023 ఆగస్టులో మహీంద్రా సంస్థ, ఇంజను దగ్గరి తీగల కట్ట రాపిడికి తెగు ప్రమాదము కలదని చెప్పి 1,08,306 ఎక్స్‌యూవీ 700 కార్లను పరీక్షకు రమ్మన్నది. 2024 ఫిబ్రవరిలో కియా సంస్థ, ఆయిల్ పంపును నడుపు ఎలక్ట్రానిక్ కంట్రోలరును మార్చుటకు 4,358 సెల్టోస్ కార్లను పిలిచినది. ఈ మూడింటిలోను లోపము విద్యుత్తునకు సంబంధించినదే.

ఇట్టి ప్రకటనలు వెలువడుట మంచిదే. లోపమును దాచుట కంటె చెప్పుట మేలు. అయితే ఈ ప్రకటనలలో పిలిచిన వాహనముల సంఖ్య మాత్రము ప్రస్ఫుటముగా కనిపించును. వాటిలో ఎన్ని, ఎన్ని దినములలో సరిచేయబడినవి అను సంఖ్య పత్రికలకు ఎక్కదు. రోగిని ఆసుపత్రికి పిలుచుట చికిత్స కానట్లే, వాహనమును పిలుచుట మరమ్మతు కాదు. విద్యుత్ లోపముల విషయములో ఈ భేదము మరింత ముఖ్యమైనది. అది ఎందువలననో తెలియుటకు మొదట ఆ లోపముల స్వభావమును తెలిసికొనవలెను.

వేడి ఎక్కడ పుట్టును?

తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు వేడి పుట్టును. ఆ వేడి, ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణించినంత యుండునని 19వ శతాబ్దిలో జూల్ కనుగొనెను. 12 వోల్టుల బ్యాటరీతో వెలుగు 60 వాట్ల హెడ్‌లైటునకు సుమారు 5 ఆంపియర్లు కావలెను. తీగ కొన పిన్ను బిగువుగా ఉన్నప్పుడు అక్కడి నిరోధము లెక్కకు రాదు. పిన్ను వదులై, లోహముపై చిలుము పట్టి, నిరోధము ఓములో పదియవ వంతు అయిన యెడల ఆ చిన్న చోటనే రెండు వాట్లకు పైగా వేడి పుట్టును. రెండు వాట్లు స్వల్పముగా తోచవచ్చును. కాని అది గోరంత చోట, ప్లాస్టిక్ తొడుగు లోపల, గాలి తగులకుండ, గంటల తరబడి పుట్టు వేడి. అదే కారు స్టార్టరు తీగలో 150 ఆంపియర్లు ప్రవహించునపుడు ఓములో నూరవ వంతు నిరోధమున్నను 225 వాట్ల వేడి పుట్టును. అది కొన్ని క్షణములు మాత్రమే ఉండుట వలన ప్రమాదము తప్పుచున్నది.

ఈ వేడి ఒక విషవలయమును కల్పించును. వేడికి పిన్ను పట్టు సడలును, చిలుము హెచ్చును. అందువలన నిరోధము పెరిగి, వేడి మరింత హెచ్చును. గతుకుల దారిలో బండి అదరినప్పుడెల్ల పిన్నులు సూక్ష్మముగా కదలి, పైపూత అరుగును. వానకాలపు తేమ దీనికి తోడగును. కనుక విద్యుత్ లోపము ఉన్నచోట ఉన్నట్లే ఉండునది కాదు. అది నానాటికి ముదురును. పగిలిన అద్దము ఆరు నెలల తరువాత మార్చినను అదే అద్దము. ఆరు నెలలు ఆగిన వదులు పిన్ను మొదటి వదులు పిన్ను కాదు.

దీనికి మరియొక చిక్కు గుణము గలదు. అది దాగుడుమూతలాడును. ఇంజను వేడెక్కిన తరువాత, ఎత్తుపల్లములలో, వానలో మాత్రమే లోపము కనిపించును. వర్కుషాపు చేరి ఇంజను చల్లబడగానే అంతయు సవ్యముగా నుండును. మెకానిక్కు పరీక్షించి "లోపమేమియు లేదు" అని చీటీ వ్రాసి పంపును. యజమాని అబద్ధమాడలేదు, మెకానిక్కును అబద్ధమాడలేదు. లోపము వారిద్దరి మధ్య తప్పించుకొనినది.

మూడు ఊళ్లు

ఇప్పుడు ఈ లోపము గల బండి మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములో ఉన్నదని ఊహింపుడు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమంతట ప్రసిద్ధము. అక్కడికి సరకు చేర్చు చిన్న వ్యానులకును, ఆటోలకును కోతల కాలములో ఒక్కదినము సెలవైనను అది యజమాని కూలిపై దెబ్బయే. పుంగనూరు నుండి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పము వరకు వ్యాపించిన పల్లెలలో పాలు, పట్టుగూళ్లు, కూరగాయలు మోయునవి ఎక్కువగా చిన్న బండ్లే. కుప్పము మూడు రాష్ట్రములు కలియు మూలలో ఉన్నది. దానికి చిత్తూరు కంటె కోలారు బంగారు గనులు, కృష్ణగిరి దగ్గర. బండి కొనుటకు బెంగుళూరో, కృష్ణగిరియో పోవుట ఇట్టి చోట సహజము.

రీకాల్ ఏర్పాటు పెద్ద నగరమును మనసులో నుంచుకొని చేసినదగుట వలన, ఇట్టి ఊళ్లలో అది మూడుచోట్ల తెగును. మొదటిది, చిరునామా. నోటీసు మొదటి కొనుగోలుదారు చిరునామాకో, ఫోనునకో పోవును. బెంగుళూరులో కొన్న బండి రెండు చేతులు మారి కుప్పము చేరినచో, నోటీసు బెంగుళూరులోనే నిలిచిపోవును. రెండవది, దూరము. కంపెనీ వర్కుషాపు వేరొక పట్టణములో నున్నచో, పరీక్షకు ఒక దినము, "విడిభాగము ఇంకను రాలేదు, మరల రండు" అన్న పిదప ఇంకొక దినము పోవును. మరమ్మతు ఉచితమే; దినములు ఉచితములు కావు. మూడవది, ఫిర్యాదు. బండి ఆగిన చోట యజమాని మొరపెట్టుకొనునది బజారులోని మెకానిక్కు వద్ద. ఆ మొర ఏ రిజిస్టరులోను చేరదు.

లెక్కలోని లోపము

ఈ మూడవ అంశము చిన్నదిగా తోచును గాని, చట్టమంతయు దానిపైననే నిలిచియున్నది. 2012లో వాహన తయారీదారుల సంఘము స్వచ్ఛంద రీకాల్ నియమావళిని ప్రవేశపెట్టినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110ఏ అను సెక్షను చేర్చిరి. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఏడు సంవత్సరముల లోపు వాహనములకు ఇవి వర్తించును. ఏడాదికి 10,000కు మించి అమ్ముడుపోవు కారు విషయములో 1,250 ఫిర్యాదులు చేరినపుడు నిర్బంధ రీకాల్ ప్రశ్న ఉదయించును. తప్పు చేసిన తయారీదారునకు కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. తయారీదారు తానే లోపమును గుర్తించి ప్రభుత్వమునకు తెలిపి రీకాల్ ప్రారంభించినచో జరిమానా లేదు. ఈ చివరి ఏర్పాటు మిక్కిలి వివేకమైనది. నిజము చెప్పినవానిని దండించినచో రెండవవాడు నిజము చెప్పడు.

కాని లెక్కపెట్టు పద్ధతి విద్యుత్ లోపములకు అమరదు. బ్రేకు గొట్టము పగిలినచో వేయిమంది వ్రాసినను ఒక్కటే వ్రాయుదురు. ఒకే ఎర్తింగ్ తీగ వదులైనచో ఒకడు దీపము మినుకుచున్నదని, ఒకడు స్టార్టరు పట్టుట లేదని, ఇంకొకడు మీటరు ఆరిపోవుచున్నదని వ్రాయును. లక్షణమును బట్టి పద్దు వ్రాసినచో ఒక జబ్బు మూడు జబ్బులుగా చీలి, ఏదియు సంఖ్యను అందుకొనదు. దానిపై పుంగనూరు మెకానిక్కు వద్ద ఆగిపోయిన మొరలు లెక్కలోనికే రావు. ఫిర్యాదుల సంఖ్య తక్కువగా నుండుట వాహనము బాగుండుటకు గుర్తు కాకపోవచ్చును. అది యజమాని ఊరు దూరముగా నున్నదనుటకు గుర్తు కావచ్చును.

చట్టము ఫిర్యాదులతో పాటు పరీక్షా సంస్థల నివేదికలను, ఇతర ఆధారములను కూడ అంగీకరించుచున్నది. విద్యుత్ లోపముల విషయములో ఈ రెండవ మార్గమునకే ప్రాధాన్య మీయవలెను. నూరు ఫిర్యాదులు కూడబెట్టుట కంటె, కాలిన పిన్నులు పదింటిని ప్రయోగశాలలో కోసి చూచుట నిజమునకు దగ్గరి దారి.

ఆలస్యమునకు చెల్లించిన ధర

ఆలస్యము ఎంత చెరుపు చేయునో తెలుపుటకు అమెరికాలోని జనరల్ మోటార్స్ ఉదాహరణము చాలును. ఆ సంస్థ చిన్న కార్లలో తాళముచెవి త్రిప్పు స్విచ్చి బిగువు చాలక, బరువైన తాళముల గుత్తి ఊగినచో జారిపోయి ఇంజను ఆగెడిది. ఇంజనుతోపాటు గాలిసంచుల రక్షణయు పోయెడిది. సంస్థ ఇంజనీర్లకు ఈ సంగతి సుమారు పది సంవత్సరములుగా తెలిసియుండెను. 2014లో సుమారు 26 లక్షల కార్లను పిలిచిరి. నష్టపరిహార నిధి 124 మరణములను ఈ లోపమునకు సంబంధించినవిగా అంగీకరించినది. 2015లో సంస్థ 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనినది. కొత్త స్విచ్చిలు వచ్చువరకు తాళముచెవిని గుత్తి నుండి విడదీసి వాడుడని యజమానులకు చెప్పిరి. ఖర్చులేని ఆ ఒక్కమాట పదేండ్ల ముందు చెప్పియున్నచో ఎన్నో ప్రాణములు దక్కెడివి.

మన ప్రాంతమునకు దగ్గరి పాఠము 2022లో వచ్చినది. ఆ మార్చిలో వేలూరులో విద్యుత్ స్కూటరు అంటుకొని, పొగకు ఊపిరాడక తండ్రియు కూతురును మరణించిరి. ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇండ్లలో స్కూటరు బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చనిపోయిరి. ఆ ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 బండ్లను పిలిపించినవి. తరువాత బ్యాటరీల భద్రతా ప్రమాణములను కఠినము చేసి, 2022 డిసెంబరులోను 2023 మార్చిలోను రెండు దశలలో అమలుచేసిరి. లిథియము కణము ఒక హద్దు దాటి వేడెక్కినచో లోపలి రసాయన చర్య తానే వేడిని పుట్టించుకొనును. ప్రక్క కణములు వరుసగా అంటుకొనును. అట్టి బండి రాత్రి ఇంటిలో ఛార్జింగునకు పెట్టబడును. దానికి ఇచ్చిన పిలుపు నెలల తరబడి కాగితముపై ఉండరాదు.

సేవలోని జాప్యము కూడ ఫిర్యాదుల మూలముననే వెలుగులోనికి వచ్చినది. 2023 సెప్టెంబరు నుండి 2024 ఆగస్టు వరకు ఓలా సంస్థపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు 10,644 ఫిర్యాదులు చేరగా, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో సంజాయిషీ కోరినది. 99.1 శాతము పరిష్కరించితిమని సంస్థ సమాధానమిచ్చినది. ఇక్కడ ప్రశ్న ఒక్కటే: పరిష్కారమనగా నేమి? ఫిర్యాదు మూసివేయుటయా, బండి నడుచుటయా? ఈ నిర్వచనము లేనిచో ఏ శాతమునకును అర్థము లేదు.

ఉభయుల బాధ్యత

తయారీదారుల పక్షమున చెప్పవలసినదియు కలదు. లక్ష వాహనములకు కొత్త తీగల కట్టలు ఒక్క వారములో తయారు కావు. తొందరలో చేసిన భాగము రెండవ లోపమునకు కారణము కాగలదు. యజమానులలోను కొందరు అదనపు దీపములకు, హారనులకు అసలు తీగలను కోసి అతుకుదురు. ఫ్యూజు పోయినచో దాని స్థానమున రాగి తీగ చుట్టుదురు. ఫ్యూజు తాను కరగి తీగలను కాపాడు కావలివాడు. రాగి తీగ చుట్టినచో కావలివానిని పంపివేసి తలుపు తెరచినట్లే. అటుపిమ్మట నిప్పు పుట్టినచో తయారీలోపమేదో, చేతి తప్పేదో తేల్చుట నిపుణులకును కష్టము. అయినను ఈ అతుకులలో కొన్ని ఆలస్యము కన్న బిడ్డలే. వర్కుషాపు రమ్మని పిలిచి భాగము లేదన్నప్పుడు, రేపటి టమాటా బుట్టలు మోయవలసినవాడు రాగి తీగ చుట్టక మరేమి చేయును?

కనుక సంస్కరణ కొలత నుండి ప్రారంభము కావలెను. అమెరికాలో రీకాల్ ప్రకటించిన తయారీదారు, సరిచేసిన వాహనములెన్నో మూడునెలల కొకసారి లెక్క చెప్పవలెను. 2014 నుండి అక్కడ ఎవరైనను తమ బండి ఛాసిస్ నంబరు ఇచ్చి, దానిపై పూర్తికాని రీకాల్ కలదా అని చూచుకొనవచ్చును. మన దేశములోను ప్రతి ప్రకటనకు వెనుక ఇట్టి లెక్క జిల్లాలవారీగా వెలువడవలెను. బండి చేతులు మారి రిజిస్ట్రేషను మార్చునపుడే పెండింగు రీకాల్ సంగతి కొత్త యజమానికి తెలుపవలెను. భాగము సిద్ధముగా లేనిచో అంతవరకు బండిని ఎట్లు వాడవలెనో, వాడరాదో నోటీసులోనే తెలుగులో చెప్పవలెను. దూరపు ఊళ్లకు వర్కుషాపే ఒక దినము కదలి రావలెను. కుప్పమునుండి నూరు బండ్లు కదలుట కంటె నూరు భాగములతో ఒక వ్యాను కుప్పమునకు వచ్చుట చౌక.

అంతవరకు యజమాని చేయదగినది కొంత కలదు. లోపము కనిపించిన దినము, వేళ, వాన లేక ఎండ, ఇంజను వేడి, వెలిగియున్న దీపములు వ్రాసి యుంచుకొనవలెను. దాగుడుమూతలాడు లోపమును పట్టుటకు ఇంతకంటె మంచి వల లేదు. వర్కుషాపు ఇచ్చిన ప్రతి జాబ్‌కార్డును, "లోపము లేదు" అన్న చీటీని కూడ, భద్రపరచవలెను. ఫిర్యాదును బజారు మెకానిక్కుతో ఆపక రవాణా శాఖ పోర్టల్‌లోను, 1915 హెల్ప్‌లైనులోను నమోదు చేయవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బండి బెంగుళూరులో కొన్నదైనను, యజమాని తాను నివసించు జిల్లాలోని కమిషను వద్దనే దావా వేయవచ్చును. మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని వ్రాసి పంపిన ఒక్కొక్క ఫిర్యాదు ఆ 1,250లో ఒకటిగా చేరును. వ్రాయని ఫిర్యాదు చేరదు.