తామారు మౌనము – మన ప్రసంగ వేదిక

రెండవ సమూయేలు 13వ అధ్యాయమును మన ప్రసంగీకులు తరచుగా దావీదు పాపఫలముగానే వివరిస్తారు. ఈ వ్యాఖ్యానము తప్పు కాదు, అసంపూర్ణము. ఇందులో తామారు తండ్రి పొందిన శిక్షగా మిగులుతుందే గాని, గాయపడిన కుమార్తెగా కనబడదు. మా అభ్యంతరము ఇదే.

అబ్షాలోము ఆమెకు ఇల్లు ఇచ్చాడు గాని మాట్లాడవద్దన్నాడు. దావీదు కోపపడ్డాడు గాని ఏమీ చేయలేదు. అమ్నోను జ్యేష్ఠుడని ప్రేమించి అతనిని నొప్పించలేదని సెప్టువజింటు, కుమ్రాను ప్రతి అదనంగా చెబుతున్నాయి. నల్లజర్ల మొదలు కొల్లేటి లంకల వరకు ఏ సంఘములోనైనా పెద్దలు పరువు పేరిట రాజీ కుదిర్చితే, ఆ ఇద్దరి దోషమూ మనదే.

2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. కాపరికి మినహాయింపు లేదు. 1098కు ఫోను చేయడం అవిశ్వాసము కాదు. 24వ సెక్షను బిడ్డ వాంగ్మూలమును ఇంటి వద్దనే, యూనిఫారము లేకుండా నమోదు చేయమంటుంది. పోలీసులకే ఇంత మృదుత్వము విధించినప్పుడు, కాపరి బిడ్డను పదే పదే ప్రశ్నించడం, సంఘము ఎదుట సాక్ష్యము చెప్పించడం, క్షమించమని తొందరపెట్టడం ఎట్లా తగును?

తామారుకు ఆశ్రయము దొరికింది, ఆదరణ దొరకలేదు. ఆమె మాటను విన్నట్లుగా ఈ అధ్యాయమును ప్రసంగించడం మన వేదికల మొదటి బాధ్యత.