మొప్పల మనిషి చర్మం

1954లో యూనివర్సల్ సంస్థ తీసిన ‘క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ సినిమాను ఇవాళ కూడా శుభ్రంగా చూడొచ్చు. అందులోని వింత జీవి అయిన మొప్పల మనిషి కోసం నటులు ఒంటికి తొడుక్కున్న రబ్బరు వేషాలు మాత్రం చాలావరకు పొడిపొడిగా రాలిపోయాయి. ఏవో కొన్ని ముక్కలు సేకర్తల దగ్గర మిగిలాయి. రబ్బరు పాలతో చేసిన వస్తువుకు ఆ గతి తప్పదు. ఎండ, గాలిలోని ఓజోన్, ఒంటి జిడ్డు, చివరికి ఒక రాగి తీగ తగులుతూ ఉన్నా చాలు, రబ్బరు చెడిపోతుంది. కొన్నిసార్లు బంకబంకగా సాగుతుంది, కొన్నిసార్లు పెళుసెక్కి విరుగుతుంది. కాబట్టి ఆ మొప్పల మనిషిని కళ్లెదుట నిలబెట్టుకోవాలనుకున్నవాళ్లకు మళ్లీ చేసుకోవడం ఒక్కటే దారి. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజుల్లో కారు షెడ్డులో కూర్చుని బంకమట్టితో పొలుసులు దిద్దే ఔత్సాహికులు అమెరికాలో దశాబ్దాలుగా చేస్తున్న పని అదే.

ఇది నకలు పనే కదా అని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక పొలుసును ఉన్నదున్నట్టు దిద్దాలంటే, మొదట దిద్దిన మనిషి అక్కడ ఎందుకు లోతు తీశాడో, ఇక్కడ ఎందుకు చదునుగా వదిలేశాడో అర్థం కావాలి. ఫోటో చూసి తెలుసుకోగలిగింది కొంతే. మిగతాదంతా మట్టి చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది. పుస్తకాల్లోకి ఎక్కని పనితనం ఇలాగే ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తుంది.

ఆ మొదటి చేతులెవరివో చెప్పుకోవాలి, ఎందుకంటే చాలాకాలం ఎవరూ చెప్పలేదు. తెర మీద మేకప్ విభాగం పేరుతో పడింది బడ్ వెస్ట్‌మోర్ ఒక్కడే. ఆయన ఆ విభాగానికి అధిపతి. మొప్పల మనిషి రూపాన్ని గీసింది మిలిసెంట్ పాట్రిక్ అనే చిత్రకారిణి. అంతకుముందు ఆమె డిస్నీలో ‘ఫాంటసియా’ చిత్రానికి పనిచేసింది. తలను మట్టిలో మలిచింది క్రిస్ ముల్లర్, ఒంటి తొడుగును తయారు చేయించింది జాక్ కెవన్. సినిమా ప్రచారానికి పాట్రిక్‌ను ఊరూరా తిప్పారు. ఆమెకు దక్కుతున్న పేరు వెస్ట్‌మోర్‌కు కంటగింపైంది. ఆ తర్వాత యూనివర్సల్ ఆమెకు పని ఇవ్వలేదు. 2019లో మాలరీ ఓమీరా రాసిన పుస్తకం ఆమె కథను మళ్లీ అందరి ముందుకూ తెచ్చింది. వేషాలు కట్టే ఔత్సాహికులు తమ పని పక్కన ఆమె పేరు రాసుకోవడం నాకు ఎంతో నచ్చుతుంది.

సినిమాలో మొప్పల మనిషి ఒక్కడే గాని తొడుక్కున్నవాళ్లు ఇద్దరు. నేల మీద ఆరడుగుల అయిదంగుళాల బెన్ చాప్‌మన్, నీళ్లలో రికో బ్రౌనింగ్. నీటి దృశ్యాలు ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో తీశారు. గాలి సిలిండరు కట్టుకుంటే బుడగలు వస్తాయి, నీళ్లలో బతికే జీవి నోట బుడగలు రాకూడదు. అందుకని బ్రౌనింగ్ కెమెరాకు అందనంత దూరంలో గొట్టం నుంచి గాలి పీల్చుకుని, ఊపిరి బిగపట్టి ఈదేవాడు. నీళ్లలో స్పష్టంగా కనబడడానికి అతని తొడుగుకు లేత రంగు వేశారు, చాప్‌మన్‌ది ముదురు. పైగా సినిమా నలుపు తెలుపు. కాబట్టి ‘అసలు రంగు ఏది?’ అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. ఎవరి వేషం కడుతున్నామో, నేల మీది వాడిదా నీళ్లలోని వాడిదా, ముందే తేల్చుకోవాలి. రంగే కాదు, తల ఆకారమూ ఒంటి తీరూ రెంటికీ తేడా.

1958లో మొదలైన ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్’ పత్రిక పిల్లలకు ఈ పిచ్చి పట్టించింది. 1965లో మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ ఇంట్లో దొరికే సరుకులతో రాక్షస రూపాలు ఎలా తయారు చేయాలో చెబుతూ ఒక పుస్తకం వేశాడు. అప్పటిదాకా స్టూడియోల్లో మేకప్ గుట్టు బయటికి పొక్కనిచ్చేవారు కాదు. స్మిత్ మాత్రం అడిగినవాళ్లకల్లా నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలో రిక్ బేకర్ ఒకడు. మేకప్‌కు పోటీ పద్ధతిలో ఇచ్చిన తొలి ఆస్కార్ బేకర్‌కే వచ్చింది, ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ సినిమాకు. ఈ రంగంలో ఇంటి షెడ్డుకూ స్టూడియోకూ మధ్య గోడ ఎప్పుడూ పలచనే.

ఇక పనిలోకి వద్దాం. వేషం ఒక ఫలానా మనిషి ఒంటికి అతకాలి కాబట్టి మొదట ఆ మనిషి కొలతలతో బొమ్మ కావాలి. తలకైతే జుట్టు కప్పేసి, దంతవైద్యులు పళ్ల అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్‌ను ముఖం నిండా పూసి, అది జారిపోకుండా పైన ప్లాస్టర్ కట్లు వేస్తారు. ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా కనిపెట్టుకుని ఉండడానికే ఒక మనిషి కావాలి. ఈ పని ఒంటరిగా ఎన్నడూ చేయకూడదు. ఒంటికి ఇంకా చవకైన ఉపాయం ఉంది. పాత బనియను తొడుక్కుని, దాని మీద వెడల్పాటి టేపు బిగించి చుట్టించుకుని, వీపు వెంట కత్తిరించి విప్పి, లోపల కాగితాలో స్పాంజీయో కూరితే మన కొలతల బొమ్మ తయారవుతుంది.

దాని మీద బంకమట్టితో రూపం దిద్దుతారు. పొలుసులన్నీ ఒక్కొక్కటే చెక్కితే నెలలు పడుతుంది. అందుకని పొలుసుల చిన్న ముక్క ఒకటి శ్రద్ధగా చెక్కి, దాని మీద రబ్బరు పాలు పూసి ముద్ర తీసుకుని, ఆ ముద్రను మట్టి మీద ఒత్తుకుంటూ పోయే పద్ధతి ఉంది. సులువే, కానీ దాన్ని నమ్ముకుంటే వేషం పాడవుతుంది. ముద్ర ఒత్తిన చర్మం గోడకు అంటించిన కాగితంలా ఎక్కడ చూసినా ఒకటే. మొప్పల మనిషి ఒళ్లు అలా ఉండదు. ఛాతీ మీద పెద్ద పలకలు, పొట్ట మీద అడ్డంగా మడతలు, తొడల దగ్గరికి వచ్చేసరికి చిన్న పొలుసులు. ముద్ర వేసిన చోటల్లా మళ్లీ చేత్తో ఒక పొలుసు లేపాలి, ఒకటి చిదమాలి. వేషంలో సగం ప్రాణం ఆ ఓపికలోనే ఉంది.

మట్టి రూపం సిద్ధమయ్యాక గట్టి రకం జిప్సంతో అచ్చు తీస్తారు. చెవుల వెనగ్గా మట్టి గోడ కట్టి, తలను ముందు సగం, వెనక సగంగా విడదీస్తారు. మొదటి పూత పలచగా, కుంచెతో, ఏ మూలా గాలి బుడగ మిగలకుండా వేయాలి. ఇక్కడ మిగిలిన బుడగ రేపు రబ్బరు మీద మొటిమై తేలుతుంది. తర్వాత గోనెపట్ట ముక్కలు ముంచి పరిస్తే అచ్చుకు బలం. అచ్చు లోపలి వైపు నూనె, మైనం తగలనివ్వకూడదు. జిప్సంలోని సన్నని రంధ్రాలే నీళ్లు పీల్చాలి, అవి మూసుకుపోతే రబ్బరు పట్టదు.

అచ్చులో పోసే రబ్బరు పాలు చెట్టు నుంచి తీసినవే. నీళ్లు కొంత తీసేసి చిక్కబరిచిన ఆ పాలలో దాదాపు 60 శాతం రబ్బరు ఉంటుంది, పేరుకుపోకుండా అమ్మోనియా కలుపుతారు. కేరళ తోటల్లో, మన మారేడుమిల్లి కొండల్లో గాట్లు పెట్టి పాలు పట్టే ఆ చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవి. సినిమా కథలో మొప్పల మనిషి దొరికేదీ అమెజాన్‌లోనే. అచ్చు నిండా పాలు పోసి ఆగితే జిప్సం నీళ్లు పీల్చుకుంటుంది, గోడల వెంట పాల మీద మీగడ కట్టినట్టు రబ్బరు పొర కడుతుంది. ఎంతసేపు ఆగితే అంత మందం. సరిపడా కట్టిందనిపించాక మిగిలిన పాలు బకెట్లోకి వంపేసి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, టాల్కం పౌడర్ చల్లుతూ మెల్లగా ఊడదీయాలి. పౌడర్ లేకపోతే పొర తనకు తానే అంటుకుపోతుంది, మళ్లీ విడదీయలేం. ఆరేటప్పుడు రబ్బరు కొంత కుంచించుకుపోతుంది కనుక తెలిసినవాళ్లు మట్టి రూపాన్నే కాస్త పెద్దదిగా దిద్దుకుంటారు.

అసలు సినిమాలో వాడింది నురగ రబ్బరు. రబ్బరు పాలలో నురగెక్కించే సబ్బు, గంధకం ఉన్న మిశ్రమం, చివర్లో గడ్డకట్టించే మందు కలిపి, కేకు పిండి గిలక్కొట్టే మిక్సర్లో తిప్పుతారు. అచ్చులోకి ఎక్కించాక, తక్కువ వేడి మీద ఓవెన్లో గంటల తరబడి ఉడికిస్తారు. ఆ ఓవెన్లో ఇక వంట చేయకూడదు. గదిలో వేడి, తేమ కొంచెం మారినా నురగ ముందే గడ్డకడుతుంది లేదా కూలిపోతుంది. కుదిరితే మాత్రం అది ఇచ్చే మెత్తదనం పోత రబ్బరు ఇవ్వలేదు. మనిషి మెడ తిప్పితే ఆ చర్మమూ తిరుగుతుంది. కొత్తవాళ్లు పోత రబ్బరుతో తల, నురగతో మెడ, కీళ్లు అని పంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఏ వేషమైనా ముందు ఓడిపోయేది కీళ్ల దగ్గరే.

నిలబడి ఉన్న బొమ్మకు తొడిగినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. మనిషి తొడుక్కుని నాలుగడుగులు వేస్తే మోకాలి వెనక చిరుగు, చంకలో చిరుగు, తొడల మధ్య చిరుగు. అందుకే ముక్కలన్నిటినీ ఒంటికి బిగుతుగా పట్టే సాగే బట్ట మీద అంటిస్తారు. లాగుడు భారం బట్ట మోస్తుంది, రబ్బరు కాదు. వీపు మీది జిప్పును రెక్క కింద దాచేస్తారు. చిరిగే చోట్ల లోపలి నుంచి సన్నని వల గుడ్డ పరిచి రబ్బరు పాలతో అతికిస్తారు. అతుకుల మీద చిక్కని రబ్బరు పూసి, అది ఆరేలోపే పక్క పొలుసుల గీతలను అతుకు దాటించి దిద్దుతారు. మెరుగులు దిద్దడం అంటే ఇదే. తొడుక్కోవడం, నడవడం, విప్పడం, ఎక్కడ మడత తప్పుగా పడిందో చూడడం, మళ్లీ దిద్దడం. వేషం కట్టడం కన్నా ఈ దిద్దుబాటుకే ఎక్కువ కాలం పడుతుంది, దీన్ని దాటవేసినవాళ్ల వేషాలు ఫోటోల్లోనే బాగుంటాయి.

రంగు సంగతి వేరే కథ. మామూలు రంగు రబ్బరు మీద వేస్తే, సాగగానే పగుళ్లిస్తుంది. రంగును రబ్బరు పాలతోనో, పలచన చేసిన రబ్బరు జిగురుతోనో కలపాలి. ముందు ముదురు రంగు మొత్తం వేసి, పొలుసుల సందుల్లోకి ఇంకా ముదురు రంగు దిగనిచ్చి, దాదాపు ఆరిన కుంచెతో ఎత్తుల మీద లేత ఆకుపచ్చ తాకించాలి. పూర్తయ్యాక ఒక మూల పట్టుకుని లాగి నలిపి చూడాలి. పైపూతగా మెరుపు వేస్తే ఇప్పుడే నీళ్లలోంచి లేచి వచ్చినట్టుంటుంది. ఛాతీ మీద ఎక్కువ, మోచేతుల మీద తక్కువ వేస్తేనే ఆ తడి నిజమనిపిస్తుంది.

లోపలి మనిషిని మర్చిపోకూడదు. చాప్‌మన్ షూటింగ్ రోజుల్లో గంటల తరబడి ఆ తొడుగులోనే ఉండేవాడు. సరిగా కూర్చోలేడు, ఒళ్లు వేడెక్కితే నీళ్లలో దిగి చల్లబడేవాడు. లోపలి నుంచి సరిగా కనబడక, కథానాయిక జూలీ ఆడమ్స్‌ను గుహలోకి మోసుకెళ్తూ ఆమె తలను రాతికి తగిలించాడు. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు కంటి రంధ్రాలు, నోటి గాలి దారి మట్టి దశలోనే లెక్క వేసుకుంటారు. పక్కన చెయ్యి పట్టుకు నడిపించే మనిషి లేకుండా జనంలోకి వెళ్లరు. కాసేపటికోసారి తల విప్పి నీళ్లు తాగుతారు. రబ్బరు పాలు ఒంటికి పడనివాళ్లు కొందరుంటారు, వాళ్లు ముందే పరీక్షించుకోవాలి.

ఇప్పుడు సిలికోన్ ఉంది, కంప్యూటర్ బొమ్మలున్నాయి. అయినా 2017లో గిల్లెర్మో డెల్ టోరో ‘ది షేప్ ఆఫ్ వాటర్’ తీసినప్పుడు, చిన్నప్పుడు తను మనసిచ్చిన మొప్పల మనిషికి వారసుడిని మనిషి ఒంటి మీద వేషంగానే కట్టించాడు. డగ్ జోన్స్ దాన్ని తొడుక్కున్నాడు. ఆ సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. మన ప్రేక్షకులకూ ఈ వంశంతో చుట్టరికం ఉంది. ‘భారతీయుడు’లో సేనాపతి ముసలితనాన్ని, ‘దశావతారం’లో కమల్ హాసన్ ముఖాలను తీర్చిన మైకేల్ వెస్ట్‌మోర్, బడ్ వెస్ట్‌మోర్‌కు స్వయానా అన్న కొడుకు. యూనివర్సల్‌లో బాబాయి విభాగంలోనే పని నేర్చుకున్నాడు.

ఈ వ్యాసం చదివి ఎవరికైనా చేతులు ఊరితే, మొత్తం వేషం జోలికి పోవద్దని నా సలహా. ఒక చెయ్యితో మొదలుపెట్టండి. వేళ్ల మధ్య పొర, గోళ్లు, పొలుసులు, మణికట్టు దగ్గర అతుకు, సాగే రంగు, ఈ కళలోని కష్టాలన్నీ ఆ ఒక్క చేతిలోనే ఉన్నాయి. రబ్బరు తొడుగు నాలుగైదేళ్లకో పదేళ్లకో పాడైనా, అచ్చును పొడిగా దాచుకుంటే ఇంకో చెయ్యి పోసుకోవచ్చు. తొడుగును ఎండ తగలని చోట, మడత పెట్టకుండా, లోపల దూది కూరి, పౌడర్ చల్లి ఉంచండి. రాగి, ఇత్తడి వస్తువులేవీ దగ్గరకు రానివ్వొద్దు.