చిత్రాలు లేని చిత్రకారుడు

జూలియన్ ష్నాబెల్ 1996లో తీసిన ‘బాస్కియా’ సినిమాలో బాస్కియా వేసిన బొమ్మ ఒక్కటీ లేదు. హక్కుదారులు అనుమతించలేదు. తానూ చిత్రకారుడే గనుక ష్నాబెల్ ఆ ఫక్కీలో బొమ్మలు తయారుచేసి పెట్టుకున్నాడు. విషాదమేమంటే, ప్రేక్షకుడికి ఆ లోటు తెలియదు. ఈ కథకు బొమ్మలతో పనే లేదు.

వీధిగోడల మీద రాసే నల్లజాతి యువకుడు గ్యాలరీల కంట పడతాడు. ఆండీ వార్హోల్ చెలిమి, డబ్బు, మత్తుమందు, 1988లో మరణం. ఎక్కడమూ పడడమూ తప్ప వేరే వస్తువు లేదు. బాస్కియా గీసింది బానిసల వేలాన్ని, నల్ల పోలీసును, నల్ల బాక్సర్లను. సినిమాలో విందులకు దొరికినంత చోటు వాటికి దొరకలేదు. పైగా ఆల్బర్ట్ మైలో అనే పేరుతో దర్శకుడు తన్ను తానే ఒక పాత్రగా పెట్టుకున్నాడు. ఆ పాత్ర ఎంత మంచివాడో వేరే చెప్పాలా!

ఒక్క సన్నివేశానికి మాత్రం చేతులెత్తి నమస్కరించాలి. ఇంటర్వ్యూ చేయవచ్చిన పెద్దమనిషి అతని చిత్రకళను వదిలి చర్మం రంగును పట్టుకుంటాడు. జెఫ్రీ రైట్ గొంతు పెంచడు. తాను వాడే రంగుల్లో నలుపు ఒకటి మాత్రమేనన్న అర్థం వచ్చేటట్టు జవాబిస్తాడు. కొనేవాడు మనిషికి ధర ఎలా కడతాడో ఆ కాసేపట్లో తెలిసిపోతుంది. కథ అక్కణ్ణుంచి మొదలై ఉంటే!

ఇదే మూసలో రేపెవరైనా దామెర్ల రామారావు కథ తీస్తారేమోనని నా భయం. ఆయన గీసిన గోదావరే రాజమండ్రి దాటి మా వాడపల్లి గట్టు నొరుసుకుంటూ పోతుంది. కథ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది కూడా. 1897లో పుట్టాడు. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర గుర్తించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, పేరు తెచ్చుకున్నాడు, 1925లో మశూచితో పోయాడు. ఇరవయ్యెనిమిది నిండలేదు. బాస్కియా పోయిన వయసే.

కాని చదువయ్యాక రాజమండ్రికి తిరిగివచ్చి పదిమందికి చిత్రలేఖనం నేర్పే పాఠశాల పెట్టడం ఆ మూసలో ఎక్కడ ఇముడుతుంది? భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కుంచెలు పట్టడం ఏ రీలులోకి వస్తుంది? ఆయన పోయాక వరదా వెంకటరత్నం ఆ పని భుజాన వేసుకున్నాడు. అంటే నాయకుడి మరణంతో ముగియని కథ. ఇక మశూచికి టీకా వచ్చి అప్పటికే నూరేళ్లు దాటింది. ఆ మరణాన్ని మేధావి తలరాతగా చూపిస్తే అబద్ధమాడినట్టే.

ష్నాబెల్‌కు బొమ్మలు దొరకలేదు. రామారావు బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి. కథ రాసేవాడు ముందు వాటి యెదుట ఒక పూట నిలబడి రావాలి.